చౌరస్తాలో పుస్తకాలు జారిపడవు!

అమ్మాయి కాలేజీ మెట్లు దిగుతుంటుంది. అబ్బాయి ఫోన్ చూసుకుంటూ ఎదురొస్తాడు. ఢీ! పుస్తకాలు కింద పడతాయి. ఇద్దరూ ఒకేసారి వంగుతారు. తలకు తల తగులుతుంది. వెనకాల వయొలిన్ మోగుతుంది. థియేటర్‌లో ఈలలు.

ఇదే సీన్‌ను గోదావరిఖని చౌరస్తాలో ఒకసారి ఊహించుకోండి. ముందుగా వెనక ఉన్న ఆటోవాలా హారన్ కొట్టి నాలుగు మాటలంటాడు. పుస్తకాలు ఏరుకునేలోపు అట్టల మీద దుమ్ము పడుతుంది. మీరు ఇల్లు చేరకముందే కబురు చేరుతుంది. ఫస్ట్ షిఫ్ట్ దిగొచ్చిన నాన్న గుమ్మంలోనే అడుగుతాడు. "ఏం రా, చౌరస్తల ఎవలతోని ముచ్చట పెడుతున్నవ్? మా షిఫ్టాయన చూసిండట!"

నవ్వొచ్చిందా? అయినా ఇవాళ రాత్రి మళ్లీ అలాంటి సీన్ ఉన్న సినిమానే పెడతారు. లేదంటే ఫోన్‌లో రొమాంటిక్ కామెడీ నవల తెరిచి, గ్రూప్స్ మెటీరియల్ పక్కన పెట్టి, 'ఇంకొక్క చాప్టర్' అనుకుంటారు. తప్పేం లేదు. కాకపోతే ఆ సీన్ మనకు ఎందుకంత నచ్చుతుంది, అందులో నిజమెంత, ఏది నమ్మితే మన కెరీర్‌కే ముప్పు అన్నది తెలుసుకుని చదివితే రెండింతలు లాభం.

పైజామాతో మొదలైన పరిచయం

హీరో హీరోయిన్లు మొదటిసారి గమ్మత్తుగా ఎదురుపడే సన్నివేశాన్ని ఇంగ్లిష్ సినిమా వాళ్లు 'మీట్ క్యూట్' అంటారు. దీనికి అందరూ చెప్పే పాత ఉదాహరణ 1938లో వచ్చిన 'బ్లూబియర్డ్స్ ఎయిత్ వైఫ్'. దర్శకుడు ఎర్నెస్ట్ లూబిచ్. బట్టల షాపులో ఒకాయన నైట్ డ్రెస్‌లో చొక్కా ఒక్కటే కావాలని పేచీ పెడతాడు. షాపువాళ్లు జత విడదీయమంటారు. అంతలో ఒకావిడ వచ్చి, నాకు పైజామా ఒక్కటి చాలు అంటుంది. అయిపోయింది, కథ మొదలైంది!

నవలల్లో ఇది ఇంకా పాతది. 1813లో అచ్చయిన జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో డార్సీ మొదటి పరిచయంలోనే ఎలిజబెత్‌ను తక్కువ చేసి మాట్లాడతాడు. ఆ మాట ఆమె చెవిన పడుతుంది. రెండు వందల ఏళ్లు దాటినా ఎంతోమంది రొమాన్స్ రచయితలు అదే పొయ్యి మీద వంట చేస్తున్నారు. ముందు చిరాకు, తర్వాత కుతూహలం, ఆఖరికి ప్రేమ.

మనవాళ్లు తక్కువేం కాదు

'ఇవన్నీ ఫారిన్ సరుకు' అనుకోకండి. కెరీర్ పేజీ చదివే మీకు బాగా దగ్గరైన మీట్ క్యూట్ 1955లోనే వచ్చింది. అదే 'మిస్సమ్మ'. ఒక ఊరి బడికి టీచర్లు కావాలి. భార్యాభర్తలే అయి ఉండాలి, ఇద్దరూ బీఏ చదివి ఉండాలి. ఉద్యోగం లేక తిరుగుతున్న ఒకబ్బాయి, అప్పు తీర్చాల్సిన అవసరంలో ఉన్న ఒకమ్మాయి ఆ ప్రకటన చూసి దంపతులమని చెప్పి చేరిపోతారు. అతను హిందువు, ఆమె పేరు మేరీ. నిరుద్యోగమే వాళ్లను కలిపిన పెళ్లిళ్ల పేరయ్య! నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే ఎవరికైనా ఆ సినిమా ఈరోజుకీ నవ్వు తెప్పిస్తుంది, కొంచెం గుచ్చుకుంటుంది కూడా.

ఇక నవలలు. 1960ల నుంచి యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం ఇంటిల్లిపాదీ వంతులు వేసుకున్న రోజులున్నాయి. ఆమె 'సెక్రటరీ' 1976లో సినిమాగానూ వచ్చింది. పొత్తూరి విజయలక్ష్మి రాసిన 'ప్రేమలేఖ' నవలను జంధ్యాల 1984లో 'శ్రీవారికి ప్రేమలేఖ'గా తీశారు. అందులో ఒకమ్మాయి సరదాగా రాసి పడేసిన ఉత్తరం ముక్కూమొహం తెలియని అబ్బాయికి చేరుతుంది. రాసిందెవరో తెలియక అతను పడే తిప్పలే కథ. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల'లో ఒకమ్మాయి ఫోన్‌లో ఓ చెస్ ఆటగాడిని పలకరించి, చేతనైతే నన్ను కనిపెట్టు అని సవాలు విసురుతుంది. గమనించారా? ఈ రెండింటిలో ఆటను మొదలుపెట్టింది అమ్మాయే.

ఇప్పటి సంగతికొస్తే 2016లో తరుణ్ భాస్కర్ తీసిన 'పెళ్ళిచూపులు'. అబ్బాయి పొరపాటున వేరే ఇంటికి పెళ్లిచూపులకు వెళ్తాడు. గదిలో ఇద్దరూ మాట్లాడుకుంటుండగా తలుపు పడిపోతుంది. ఎలాగూ బయటపడలేం కాబట్టి ఇద్దరూ తమ ఓటములు, ఆశలు ఉన్నదున్నట్టు చెప్పుకుంటారు. తర్వాత కలిసి ఫుడ్ ట్రక్ పెడతారు. ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. 2022లో నాని నిర్మాణంలో, ఆయన సోదరి దీప్తి గంటా దర్శకత్వంలో వచ్చిన ఓటీటీ సిరీస్ పేరే 'మీట్ క్యూట్'. ఐదు కథలు, ఐదు అనుకోని పరిచయాలు.

'అబ్బాయి పర్మినెంటేనా?'

సరే, ఇదంతా మనకెందుకు నచ్చుతుంది? ముఖ్యంగా బొగ్గుబాయిల నీడన పెరిగిన మనకు?

మన దగ్గర సంబంధం మాట మొదలయ్యే తీరు గుర్తు తెచ్చుకోండి. "పిల్లగాడు సింగరేణిలనా? పర్మినెంటేనా, కాంట్రాక్టా? బాయి మీదనా, లోపలనా? క్వార్టర్ ఉన్నదా? తండ్రిది ఇంకెన్నేండ్ల సర్వీసున్నది? డిపెండెంట్ నౌకరి ఎవలకు పెడ్తరు?" అమ్మాయి అయితే కులం, కట్నం, రంగు, 'ఉద్యోగం చేయనిస్తరా' దాకా పోతుంది. మనిషి కన్నా ముందు ఫైలు లోపలికి వస్తుంది.

మీట్ క్యూట్‌లో ఆ ఫైలు ఉండదు. ఆ మూడు నిమిషాల్లో ఎవరూ జీతం అడగరు. ఎవరి నాన్న ఏ గ్రేడో తెలియదు. ఇంటిపేరు బట్టి కులం లెక్కలు వేయరు. ఒక మనిషి ఇంకో మనిషి మాటకు నవ్వుతారు, అంతే. బయోడేటా లేకుండా నన్ను నన్నుగా ఒకరు చూస్తే ఎలా ఉంటుంది అన్న కోరికే ఆ సీన్‌లోని అసలు మత్తు. వాన, వయొలిన్, జారిపడ్డ పుస్తకాలు పైపై అలంకారం.

కాబట్టి రొమాంటిక్ కామెడీలు చదువుతున్నారని మిమ్మల్ని ఎవరైనా ఎగతాళి చేస్తే సిగ్గుపడక్కర్లేదు. మీరు కోరుకుంటున్నది పిచ్చి కోరిక కాదు, మర్యాద.

ఎక్కడ దారి తప్పుతుంది?

ఇక్కడే ఒక మెలిక ఉంది. మంచి మీట్ క్యూట్‌ను గమనిస్తే మూడు లక్షణాలు కనిపిస్తాయి. ఒకటి, ఆ పరిచయం ఇద్దరికీ అనుకోనిదే, ఒకరు పన్నిన పథకం కాదు. రెండు, ఇబ్బంది ఇద్దరికీ సమానం. మూడు, ఎవరైనా ఎప్పుడైనా 'సరే, వస్తా' అని వెళ్లిపోవచ్చు. 'పెళ్ళిచూపులు'లో తలుపు ఇద్దరికీ పడిపోయింది. ఒకరు తాళం వేసి ఇంకొకరిని బంధించి ఉంటే అది కామెడీ కాదు, నేరం.

మన సినిమాల్లో చాలావాటికి ఈ తేడా తెలియదు. హీరో బస్టాపు దగ్గర కాపు కాస్తాడు. ఆమె వద్దంటుంది. వెంటపడతాడు. తిడుతుంది. ఇంకా వెంటపడతాడు. ఇంటర్వెల్ తర్వాత ఆమె మనసు మారుతుంది. వద్దు అంటే 'ఇంకొంచెం ప్రయత్నించు' అని అర్థమన్నట్టు చూపిస్తారు. అది చూసి పెరిగిన అబ్బాయి లక్ష్మీనగర్‌లోనో, ఎయిటింక్లైన్ కాలనీ బస్టాపులోనో అదే చేస్తే ఇంటర్వెల్ రాదు, పోలీసులొస్తారు.

చట్టం సూటిగా ఉంది. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పినా అమ్మాయి వెంటపడటం, పదేపదే పలకరించడానికి ప్రయత్నించడం, ఆమె ఫోన్, సోషల్ మీడియా వాడకంపై నిఘా పెట్టడం 2013 నుంచి ప్రత్యేక నేరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది సెక్షన్ 78. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. కొత్త కొత్త నంబర్లతో మెసేజ్‌లు పెట్టడం, ఫేక్ ఐడీతో రిక్వెస్ట్ పంపడం 'ఆన్‌లైనే కదా' అని కొట్టిపారేసేవి కావు. అమ్మాయికి 18 ఏళ్లు నిండకపోతే సంగతి ఇంకా తీవ్రం. ఆమె ఇష్టపడింది అన్న మాట పోక్సో చట్టం ముందు నిలవదు.

దీన్ని కెరీర్ కోణంలోనూ చూడండి. ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో మీ మీద కేసులున్నాయా అని అడుగుతారు. పోలీస్ వెరిఫికేషన్ జరుగుతుంది. పాస్‌పోర్టుకూ అంతే. ఏళ్ల తరబడి లైబ్రరీలో కూర్చుని తెచ్చుకున్న ర్యాంకు, హీరోయిజం అనుకుని చేసిన ఒక పని దగ్గర ఆగిపోవచ్చు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి. మీరు వెంటపడిన అమ్మాయి భయంతో కోచింగ్ మానేస్తే, 'ఇక చదివింది చాలు' అని ఇంట్లోవాళ్లు పెళ్లి చేసేస్తే, పోయింది ఆమె కెరీర్. ఆమె చేసిన తప్పు మాత్రం ఏమీ ఉండదు.

అమ్మాయిలూ, అలాంటి పరిస్థితి మీకే ఎదురైతే మౌనంగా దారి మార్చుకోవడం ఒక్కటే మార్గం కాదు. మెసేజ్‌లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు దాచండి. ఇంట్లోనో, కాలేజీలోనో నమ్మకమున్న ఒకరికి చెప్పండి. డయల్ 100, మహిళా హెల్ప్‌లైన్ 181 ఉన్నాయి. 2014లో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ ఇప్పుడు మన ప్రాంతంలోనూ పనిచేస్తున్నాయి.

క్వార్టర్స్ చెప్పే అసలు కథ

మరి నిజ జీవితంలో మనుషులు ఎలా దగ్గరవుతారు? దీనికి మన కాలనీలకు బాగా సరిపోయే ఒక అధ్యయనం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ వివాహిత విద్యార్థుల కోసం వెస్ట్‌గేట్ అనే క్వార్టర్స్ కట్టింది. అక్కడ ఎవరు ఎవరికి స్నేహితులయ్యారో లియోన్ ఫెస్టింగర్ బృందం పరిశీలించి 1950లో పుస్తకంగా తెచ్చింది. పక్క తలుపు వాళ్లు, ఒకే మెట్లు వాడేవాళ్లే ఎక్కువగా స్నేహితులయ్యారు. మెట్ల దగ్గర, పోస్టు డబ్బాల దగ్గర రోజూ ఎదురుపడటమే కారణం. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో సంగతి చూపించారు. ఒకదాన్ని మళ్లీ మళ్లీ చూస్తుంటే, దాని మీద ముందే అయిష్టం లేకపోతే, మనకు ఇష్టం పెరుగుతుంది.

అంటే ఒక్క ఢీతో కాదు, వంద మామూలు పలకరింపులతో పరిచయం ముదురుతుంది. వరసగా కట్టిన క్వార్టర్స్‌లో పెరిగిన మీకు ఇది ఒకరు చెప్పాలా? నల్లా దగ్గర, బతుకమ్మ ఆటలో, గోదావరి ఒడ్డున సమ్మక్క జాతరలో, డిసెంబర్ 23న సింగరేణి డే స్టాళ్ల దగ్గర, మంచిర్యాల బస్సులో, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ కోసం రామగుండం స్టేషన్ బెంచీ మీద... మన ఊరి మీట్ క్యూట్‌లు ఇక్కడుంటాయి. అవి నెమ్మదిగా జరుగుతాయి. సినిమా తీయడానికి పనికిరావేమో గానీ జీవితానికి పనికొస్తాయి.

అలాంటి చోట ఎవరితోనైనా మాట కలపాలనిపిస్తే నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

ముందు, ఉన్న సందర్భం గురించే మాట్లాడండి. చదువుతున్న పుస్తకం, రాసిన టెస్టు, రాని బస్సు. అందం మీద కామెంట్ కాదు.

రెండు, ఎదుటివాళ్లు వెళ్లిపోవడానికి దారి వదలండి. కదులుతున్న ఆటోలో పక్కన ఇరుక్కున్న మనిషికి తప్పించుకునే వీలుండదు. షాపు కౌంటర్‌లో, హాస్పిటల్‌లో డ్యూటీలో ఉన్నవాళ్లు మర్యాదగా నవ్వడం వాళ్ల ఉద్యోగం. దాన్ని సిగ్నల్ అనుకోకండి.

మూడు, ముక్తసరి జవాబు కూడా జవాబే. 'ఊ', 'సరే', చూసి వదిలేసిన మెసేజ్... వీటన్నింటి అర్థం ఒకటే. ఒకసారి అడగడం ధైర్యం. 'వద్దు' విన్నాక ఆగడం అంతకన్నా పెద్ద ధైర్యం.

నాలుగు, మీరు అడిగేది ఆమెకు లేదా అతనికి ఎంత ఖర్చవుతుందో ఆలోచించండి. చిన్న ఊర్లో ఒక్క ఫొటో, ఒక్క పుకారు చాలు. అబ్బాయి మీద కన్నా అమ్మాయి మీద ఆ బరువు ఎక్కువ పడుతుంది.

ఇద్దరూ ఇష్టపడ్డాక...

నవల ఇక్కడ అయిపోతుంది. మన దగ్గర అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. కులం వేరైతే, మతం వేరైతే నవ్వులాట ఆగిపోతుంది. తెలంగాణలో ప్రేమ పెళ్లి చేసుకున్నందుకు ప్రాణాలు పోయిన వాళ్లున్నారు. 2018లో మిర్యాలగూడలో ఏం జరిగిందో మీకు తెలుసు. కాబట్టి ఆవేశంతో కాకుండా తెలిసి అడుగు వేయండి.

పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలి. మతాలు వేరైనా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవచ్చు. దానికి 30 రోజుల నోటీసు ఉంటుంది. ఇద్దరు మేజర్లు ఇష్టపడి పెళ్లి చేసుకుంటే కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో చెప్పింది. బెదిరింపులున్న జంటలకు రక్షణ కల్పించాలనీ ఆదేశించింది. చట్టం మీ వైపు ఉంది. అయితే చట్టం అన్నం పెట్టదు. సొంత సంపాదన ఉన్న జంటకు నిలబడే శక్తి ఎక్కువ. 'ముందు నౌకరి, తర్వాత లగ్గం' అని అమ్మ అంటే అన్నిసార్లూ అడ్డం పడుతోందని అనుకోకండి. కొన్నిసార్లు అదే మీ ప్రేమకు ఆమె చేసే సాయం.

రాయండి... మన కథ ఇంకా రాలేదు

ఆఖరుగా ఒక కెరీర్ ముచ్చట. బొగ్గుబాయి బతుకును అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి.చంద్ లాంటి వాళ్లు కథలు, నవలలుగా రాశారు. అందులో పోరాటం ఉంది, చెమట ఉంది, చావు ఉంది. 2023లో వచ్చిన 'దసరా' సినిమా బొగ్గు దుమ్మును దేశమంతటికీ చూపించింది. కానీ మన క్వార్టర్స్‌లో పుట్టిన, హాయిగా నవ్వించే ప్రేమకథలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఖాళీ మీదే.

సరుకు మన దగ్గర కావలసినంత ఉంది. చట్టం ప్రకారం మహిళలు భూగర్భ గనుల్లో పనిచేయడానికి దశాబ్దాల పాటు వీల్లేదు. 2019లో కేంద్రం టెక్నికల్, సూపర్‌వైజరీ ఉద్యోగాలకు దారి తెరిచింది. సెంటినరీ కాలనీ జేఎన్‌టీయూలో మైనింగ్ ఇంజినీరింగ్ ఉంది. ఇప్పుడు ఊహించండి. క్యాప్ ల్యాంప్ రూమ్ దగ్గర ట్రైనీగా వచ్చిన అమ్మాయి. ఆమె మేడమ్ అని తెలియక, 'అక్కా, విజిటర్స్ అటు దిక్కు' అని చెప్పే కొత్త మజ్దూర్. లేదంటే నైట్ షిఫ్ట్ నర్సు, ఫస్ట్ షిఫ్ట్ ఆపరేటర్. ఆమె ఇంటికొచ్చే వేళకు అతను డ్యూటీకి పోతాడు. ఒకే ఇరానీ చాయ్ హోటల్‌లో ఐదు నిమిషాలు మాత్రమే కలుస్తారు. ఇలాంటి కథ హైదరాబాద్ రచయితకు తట్టదు, మీకు తడుతుంది.

మొదలుపెట్టడానికి పెట్టుబడి అక్కర్లేదు. ఒకే సీన్, రెండు పేజీలు రాయండి. ఇద్దరికీ వేరు వేరు అవసరాలు పెట్టండి. చొక్కా కావాల్సినాయన, పైజామా కావాల్సినావిడ గుర్తున్నారుగా! మన యాసలోనే మాట్లాడించండి. నవ్వు ఒకరిని కించపరచడం వల్ల కాకుండా పరిస్థితి వల్ల రావాలి. నచ్చేదాకా తిరగరాయండి. ప్రతిలిపి లాంటి యాప్‌లలో తెలుగు పాఠకులు ఉన్నారు. ఆడియో కథల వేదికలు, ఓటీటీలు, పత్రికల కథల పోటీలు ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త. రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. 1957 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఉంటే రుజువుగా పనికొస్తుంది. ఎవరైనా అగ్రిమెంట్ ఇస్తే హక్కులు ఎన్నేళ్లకు, ఏ రూపాలకు ఇస్తున్నారో చదవకుండా సంతకం పెట్టకండి. మొదటి ఏడాదే దీనితో ఇల్లు గడుస్తుందనీ అనుకోకండి. ప్రిపరేషన్ మానొద్దు. రోజుకు గంట రాసినా చాలు.

ఈ సాయంత్రం లైబ్రరీ నుంచి ఇంటికి వెళ్తూ చౌరస్తాలో ఒక్క నిమిషం నిలబడి చూడండి. సెకండ్ షిఫ్ట్ వాళ్లు పోయారు, ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు ఇళ్లకు చేరారు. మిర్చి బండి దగ్గర ఎవరో చిల్లర లేక తడుముకుంటున్నారు. పక్కనున్న ఇంకెవరో "ఉండనీయుండ్రి, నేనిస్త" అంటున్నారు. వయొలిన్ మోగలేదు, పుస్తకాలు జారలేదు. కథ మాత్రం మొదలైంది. ఇంటికి పోయి రాసేయండి!